విడుదలప్పుడు బోల్తా, ఇప్పుడు ప్రతి పండక్కీ చూడాల్సిందే: మీకు తగిలిన సినిమాలేవి?

పాతరీలు:
మొన్న రాత్రి నిద్ర పట్టక ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ మళ్లీ పెట్టుకున్నా. ఇది నాలుగోసారి. మెట్ల పక్క కమ్మీ చివర ఒక కొయ్య గుండు ఉంటుంది, గుర్తుందా? హీరో జార్జ్ చెయ్యి వేసినప్పుడల్లా ఊడి వచ్చేస్తుంది. డబ్బు పోయి తల తిరిగిపోతున్న రోజు దాన్ని విసిరి కొట్టేవాడిలా పట్టుకుంటాడు. చివర్లో ఇంటికి పరిగెత్తుకొచ్చాక మళ్లీ అదే గుండు చేతికొస్తుంది, ముద్దు పెట్టుకుంటాడు. మొదటిసారి చూసినప్పుడు నేను దాన్ని పట్టించుకోనే లేదు. ఇప్పుడు అక్కడికి రాగానే గొంతు పట్టేస్తోంది. ఈ సినిమా నష్టాల్లో పోయిందంటే నమ్మబుద్ధి కాదు. క్రిస్మస్, హాలోవీన్ సినిమాల్లో ఇలా అప్పుడు ఆడక తర్వాత జనం నెత్తిన పెట్టుకున్నవి మీరేం చూశారు?

లెక్కలబాబు:
పోయింది 5,25,000 డాలర్లు. ఖర్చే 30 లక్షల డాలర్లు దాటింది మరి. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా సొంతంగా పెట్టుకున్న లిబర్టీ ఫిల్మ్స్ ఆ దెబ్బకు కోలుకోక 1947లోనే పారామౌంట్ చేతికి వెళ్లిపోయింది. ఆస్కార్‌కు 5 నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు. దక్కిందల్లా మంచు తయారు చేసినందుకు ఒక టెక్నికల్ అవార్డు. అంతకుముందు సినిమాల్లో మంచంటే తెల్లరంగు వేసిన కార్న్‌ఫ్లేక్స్. అడుగేస్తే కరకరమని చప్పుడు, డైలాగులన్నీ మళ్లీ డబ్బింగ్ చెప్పుకోవాల్సిందే. వీళ్లు మంటలార్పే నురుగులో సబ్బు, నీళ్లు కలిపి కొట్టారు. అదీ మండు వేసవిలో షూటింగ్! వంతెన సీన్లో జార్జ్ వేషం వేసిన జేమ్స్ స్టువర్ట్ చెమటలు చూడండి.

కొత్తగా_చేరా:
మరి అంత పోయిన సినిమా అందరికీ ఎలా చేరింది? ఓటీటీ కూడా లేదు కదా అప్పట్లో.

పాతరీలు:
గుమాస్తా పొరపాటు వల్ల అనుకోండి. అమెరికాలో అప్పటి కాపీరైట్ 28 ఏళ్లు, తర్వాత రెన్యూవల్ చేయించుకోవాలి. 1974లో ఎవరూ చేయించలేదు. ఇక టీవీ వాళ్లకు పండగే. ఊరికే వచ్చే సినిమా అని డిసెంబర్ వస్తే పొద్దున ఒక ఛానల్, రాత్రి ఇంకో ఛానల్ వేసేవి. సినిమాకు ఆధారమైన చిన్న కథ మీద హక్కులు మాత్రం మిగిలే ఉన్నాయి. 1993లో రిపబ్లిక్ పిక్చర్స్ వాటిని చూపించి ఈ ఉచిత భోగాన్ని ఆపించింది. అప్పటికే ఒక తరం దానితోనే పెరిగిపోయింది. ఆ కథదీ ఇదే బాపతు. ఎవరూ అచ్చు వేయకపోతే రచయితే 200 కాపీలు వేయించి క్రిస్మస్ కార్డులకు బదులు పంచుకున్నాడు.

తిక్కమనిషి:
ఊరికే వేస్తే చూస్తారనేది సగం నిజమే. కాపీరైట్ పోయిన పాత సినిమాలు కుప్పలుగా ఉన్నాయి, వాటి మొహం ఎవరూ చూడరే? మళ్లీ చూస్తే కొత్తగా ఏదో ఒకటి దొరకాలి. మీ కొయ్య గుండు లాగా.

ఇద్దరుపిల్లలమ్మ:
మా ఇంట్లో ‘హోకస్ పోకస్’. హాలోవీన్ రాత్రి మంత్రగత్తెల కథను 1993 జూలైలో వదిలారు. ఏ తెలివో మరి! అక్టోబర్‌లో డిస్నీ వాళ్లదే ‘నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్’ ఉందని దీన్ని ముందుకు జరిపారు. అదే రోజు ‘ఫ్రీ విల్లీ’ కూడా వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు తిమింగలాన్ని చూస్తారా, గుమ్మడికాయల్ని చూస్తారా? తర్వాత టీవీలో ఏటా అక్టోబర్‌లో వేసి వేసి ఇంటి సినిమా చేసేశారు. 2022లో రెండో భాగం కూడా వచ్చింది.

ఒక హెచ్చరిక. కొవ్వొత్తిని వర్జిన్ వెలిగించాలని సినిమా అంతా అంటూనే ఉంటారు. మా చిన్నది ఏడేళ్లది, ‘అంటే ఏంటమ్మా’ అని అడిగింది. మా ఆయన సరిగ్గా అప్పుడే నీళ్లు తాగడానికి లేచి వెళ్లారు. ‘అగ్గిపెట్టె ముట్టుకోవడం అలవాటు లేనివాళ్లు’ అన్నాను. నమ్మింది.

లెక్కలబాబు:
అక్కా, ఆ జవాబు నేను వాడుకుంటా.

నిశాచరి:
‘మపెట్ క్రిస్మస్ కేరల్’ ఎవరూ చెప్పరేం? 1992లో ఒకవైపు ‘హోమ్ అలోన్ 2’, ఇంకోవైపు ‘అలాద్దీన్’, మధ్యలో నలిగిపోయింది. హాస్టల్లో ఫ్రెండ్ లాప్‌టాప్‌లో బలవంతంగా చూపిస్తే బొమ్మల సినిమా ఏంటని విసుక్కున్నా. తీరా చూస్తే పిసినారి స్క్రూజ్‌గా వేసిన మైకేల్ కెయిన్ ఆ బొమ్మలతో నిజం మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడతాడు. ఒక్కసారి కూడా కన్నుగీటడు, ‘ఇదంతా తమాషా’ అన్న చూపు లేదు. చిన్న కప్ప పిల్లాడి ఖాళీ కుర్చీ పక్కన ఊతకర్ర కనిపించేసరికి రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. స్క్రూజ్‌ని వదిలి వెళ్లే అమ్మాయి పాట ఒకటి పిల్లలకు బోరని థియేటర్లో తీసేశారు, 2022లో డిస్నీ ప్లస్‌లో మళ్లీ కలిపారు. అది ఉన్నదే చూడండి, చివరి పాట అప్పుడే తగులుతుంది.

కొత్తగా_చేరా:
‘ఎ క్రిస్మస్ స్టోరీ’ కూడా ఫ్లాపే కదా?

లెక్కలబాబు:
కాదు బాబూ. 1983లో ఖర్చు 33 లక్షల డాలర్లు, అమెరికాలో వచ్చింది దాదాపు 1.9 కోట్లు. మామూలుగా ఆడి వెళ్లిపోయింది, అంతే. 1997 నుంచి టీవీలో క్రిస్మస్‌కు 24 గంటలు వరసగా అదే వేయడం మొదలెట్టాక దాని రాత మారింది. ప్రతి పాత సినిమాకూ ‘పాపం ఫ్లాప్’ అని జాలి కథ తగిలించడం ఎక్కువైంది ఈ మధ్య.

తిక్కమనిషి:
నా ఓటు ‘ది రెఫ్’కి. దొంగ ఒక మొగుడూపెళ్లాలను బందీలుగా పట్టుకుంటాడు, వాళ్ల పోట్లాట భరించలేక వాడే బందీ అయిపోతాడు. క్రిస్మస్ ముందు రోజు జరిగే కథను 1994 మార్చిలో వదిలారు! ప్రేమలు పొంగిపోయే పండగ సినిమాలు పడనివాళ్లు చూడండి. పిల్లల్ని పడుకోబెట్టాక మాత్రమే, బూతులు బాగానే ఉన్నాయి.

కొత్తగా_చేరా:
మీ మాట విని రాత్రి ‘వండర్‌ఫుల్ లైఫ్’ చూశానండీ పాతరీలు గారూ. మొదటి గంట కాస్త నిద్రొచ్చింది, తర్వాత కదల్లేదు. ఒకటే డౌట్. జార్జ్ వాళ్లకు పోయిన ఆ 8,000 డాలర్లు ఊళ్లో డబ్బున్న ముసలి పాటర్ దగ్గరే ఉండిపోయాయి కదా? ఎవరూ వెళ్లి అడగరేం?

పాతరీలు:
అడగరు. నాలుగుసార్లు చూశా, నాలుగుసార్లూ వాడి దగ్గరే ఉన్నాయి.