తాగినవాడి లివర్ పాడైతే తప్పు మందుదా, పేగులో బ్యాక్టీరియాదా?

గోదారిగట్టు:
శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో బెర్న్డ్ ష్నాబ్ల్ అనే లివర్ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన బృందం 2019లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. మందు వల్ల లివర్ వాచి ఆసుపత్రిలో చేరినవాళ్ల మలం పరీక్షించారు. కొందరి పేగులో ఎంటరోకోకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా సైటోలైసిన్ అనే విషం తయారుచేస్తోంది. అది ఉన్నవాళ్లలో 180 రోజుల్లోపు 89 శాతం మంది చనిపోయారు. లేనివాళ్లలో చనిపోయింది 3.8 శాతమే. అందరూ తాగినవాళ్లే, అందరిదీ అదే జబ్బు. మా అన్నయ్య పోయాడు. ఆయన పక్కన కూర్చుని అంతే తాగినవాళ్లు ఇవాళ్టికీ పొలాలకు వెళ్తున్నారు. చేజేతులా చేసుకున్నాడని ఊరంతా అంటుంది. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

పాలమూరు_ఆడబిడ్డ:
ఆ బ్యాక్టీరియా వచ్చి మీ అన్నయ్య నోట్లో క్వార్టర్ పోసిందా? పోసుకున్నది ఆయనే కదా. ఇలాంటివి తెలుగులో రాసి పెడితే రేపు తాగేవాళ్లందరూ దీన్నే చూపిస్తారు. మా నాన్న ఉండుంటే పొద్దున్నే చదివి వినిపించేవాడు.

సింహపురి:
1992లో మా నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. మరుసటి ఏడాది రాష్ట్రమంతా సారా బందయింది. వాళ్లు ఏ పరీక్షా చేయించలేదు, ఇంట్లో జరుగుతున్నది చూశారు. అక్క మాటే నా మాట.

మందులషాపు_మామ:
ష్నాబ్ల్ గారిదే 2017 నాటి పరిశోధన ఇంకొకటుంది, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. గ్యాస్ మాత్రలు. పాంటొప్రజోల్, ఒమెప్రజోల్ వగైరా. కడుపులోని యాసిడ్ మనం మింగిన బ్యాక్టీరియాను చాలావరకు చంపేస్తుంది. ఆ యాసిడ్‌ను రోజూ అణిచేస్తే ఎంటరోకోకస్ పేగులో పెరిగి లివర్‌కు చేరుతోందని ఎలుకల్లో చూశారు. తర్వాత డెన్మార్క్‌లో మద్యం వ్యసనం ఉన్నవాళ్ల రికార్డులు తీశారు. పదేళ్లలో లివర్ జబ్బు బయటపడే అవకాశం ఈ మాత్రలు వాడేవాళ్లలో 20.7 శాతం, ఎప్పుడూ వాడనివాళ్లలో 12.4 శాతం. మా కౌంటర్ దగ్గర రోజూ చూస్తాను. రాత్రి తాగుతారు, పొద్దున కడుపు మంట, చీటీ లేకుండా "అన్నా, ఒక స్ట్రిప్ గ్యాస్ మాత్ర". స్ట్రిప్ చేతికొచ్చీ రాకముందే ఒకటి చింపి, మంచినీళ్లు కూడా లేకుండా మింగేస్తారు. మాట్లాడాల్సింది దీని గురించి.

గోదారిగట్టు:
మామా, మా అన్నయ్య కూడా అవే మింగేవాడు. కానీ ఇక్కడి ప్రశ్న అది కాదు.

అక్కా, తాగొద్దని నేనూ అంటాను. విపరీతంగా తాగేవాళ్లలో దాదాపు అందరికీ లివర్‌లో కొవ్వు చేరుతుంది, కానీ లివర్ మచ్చలు పడి గట్టిపడే సిరోసిస్ దాకా వెళ్లేది నూటికి పది, ఇరవై మందే. ఆ పది మంది ఎవరన్నది సీసా ఒక్కటే తేల్చడం లేదు.

పాలమూరు_ఆడబిడ్డ:
ఇదంతా ఎలుకల మీద చేసింది. ఎలుకకు పెళ్లాం ఉండదు, పిల్లలుండరు, అప్పులుండవు. ఎలుకను చూపించి మనిషికి సర్టిఫికెట్ ఇవ్వకండి.

ల్యాబ్_కోటు:
రెండూ కలిపేస్తున్నారు మేడమ్. 89, 3.8 మనుషుల లెక్కలు. ఆ 2019 పరిశోధనలోనే ఎలుకల్లో చేసింది చికిత్స. మురుగునీటి నుంచి బ్యాక్టీరియోఫేజ్‌లు తీశారు. అవి బ్యాక్టీరియాను మాత్రమే పట్టుకుని చంపే వైరస్‌లు. రోగుల మలంలోని బ్యాక్టీరియాను ఎలుకల పేగులోకి ఎక్కించి, మందు తాగించి, ఆ ఫేజ్‌లు ఇస్తే లివర్ దెబ్బ తగ్గింది. అంటే మందు లోపలికి పోతున్నా, ఆ ఒక్క బ్యాక్టీరియా పోవడంతో ఫలితం మారింది. పేగు నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా నేరుగా లివర్‌కే చేరుతుంది. మందు పేగు గోడలోని కణాల మధ్య అతుకులను వదులు చేస్తుంది, ఆ సందులోంచి విషం జారుతుంది. మందూ కావాలి, బ్యాక్టీరియా కూడా కావాలి. ఏదో ఒక్కదాన్నే దోషిని చేస్తామంటే కుదరదు.

కొండపల్లి_బొమ్మ:
కామెర్లకు మా ఊళ్లో పసరు పోస్తారు, మూడు పూటల్లో దిగిపోతుంది. ఇంత గొడవెందుకు?

ల్యాబ్_కోటు:
దయచేసి ఆ మాట ఇక్కడ రాయకండి. మందు వల్ల లివర్ వాచినవాళ్లకు పసరు పోస్తే ఉన్న కాస్తా పోతుంది. కొన్ని ఆకులు లివర్‌ను నేరుగా దెబ్బతీస్తాయి.

గోదారిగట్టు:
మాకు ఇదే చెప్పేవాళ్లు లేకపోయారు. అన్నయ్యకు కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బి, నీళ్లు తీయించడానికి తీసుకెళ్తే డ్యూటీలో ఉన్న డాక్టరు వార్డందరి ముందూ "తాగేటప్పుడు తెలీలేదా?" అన్నాడు. అన్నయ్య దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆ తర్వాత నొప్పి పుట్టినా నర్సును పిలిచేవాడు కాదు. గుండెపోటు వచ్చినవాణ్ని సిగరెట్లు ఎన్ని కాల్చావని అలా దులుపుతారా?

పాలమూరు_ఆడబిడ్డ:
డాక్టరు ఒక్క మాటన్నాడని మీకు ఇన్నేళ్లు బాధ. మా అమ్మ కమ్మలు కుదువకు పోయాయి, మళ్లీ రాలేదు. బెల్టు షాపు మా ఇంటికి ఎదురుగానే ఉండేది. బడి నుంచి వస్తుంటే షాపాయన నన్ను పిలిచి "మీ నాయిన్ని తీసుకపో బిడ్డా" అనేవాడు, పోసింది తనే. ఈ లెక్క ఏ నేచర్ పత్రికలో వేస్తారు?

కృష్ణాతీరం:
ఢిల్లీలోని లివర్ ఆసుపత్రి ఐఎల్‌బీఎస్ వాళ్ల ప్రయోగం కూడా చూడండి, 2017లో వచ్చింది. ఆరోగ్యవంతుల మలంలోని సూక్ష్మజీవులను ముక్కు గొట్టం ద్వారా వారం రోజులు రోగుల పేగులోకి పంపారు. మందు వల్ల లివర్ వాచి, మామూలుగా ఇచ్చే స్టెరాయిడ్లు ఇవ్వడానికి వీల్లేని 8 మందికి. ఏడాది తర్వాత బతికినవాళ్లు 87.5 శాతం. పాత రికార్డుల్లో అదే స్థితిలో ఉన్నవాళ్లతో పోలిస్తే అక్కడ 33.3 శాతం. చిన్న ప్రయోగమే, కానీ మన దేశంలో జరిగింది.

మందులషాపు_మామ:
8 మంది చాలా తక్కువ. గ్యాస్ మాత్రలు వేల మందిలో చూశారు. ఎవరూ జవాబివ్వడం లేదు.

గోదారిగట్టు:
అక్కా, ఒకటి సూటిగా అడుగుతాను. మీకు కావాల్సింది కారణం కాదు, శిక్ష. తాగినవాడు పోతేనే మీ లెక్క సరిపోతుంది.

పాలమూరు_ఆడబిడ్డ:
నోరు అదుపులో పెట్టుకుని రాయండి. శిక్ష పడింది మా నాన్నకు కాదు. చివర్లో లివర్ మార్పిడి అన్నారు. మన దగ్గర చాలావరకు బతికున్నవాళ్ల నుంచి ముక్క కోసి పెట్టడమే కదా. బంధువులంతా వచ్చి వరండాలో కూర్చున్నారు. మేనత్తలు, బాబాయిలు అందరూ ఒక్కతీరుగా మా అమ్మ వైపు చూశారు. తమ్ముడు చిన్నోడు, బాబాయికి పిల్లలున్నారు, ఇక నువ్వే అన్నారు. ఆమెకు ఇష్టమేనా అని అడిగినవాళ్లు ఒక్కరు లేరు. "రోగి మీద జాలి" అన్న మాట నేనప్పుడే విన్నాను. ఆ జాలి ఎవరి ఒంట్లోంచి కోస్తారో చెప్పండి ముందు, తర్వాత బ్యాక్టీరియా గురించి మాట్లాడుకుందాం.

సింహపురి:
అక్కా 🙏

కృష్ణాతీరం:
ఫ్రాన్స్, బెల్జియం డాక్టర్లు 2011లో, లివర్ మార్చాలంటే ఆరు నెలలు తాగుడు మానేసి ఉండాలన్న నియమం పక్కనపెట్టి, బాగా ఎంచి 26 మందికి లివర్ మార్చారు. ఆరు నెలల తర్వాత 77 శాతం బతికారు, మార్చనివాళ్లలో 23 శాతం. మళ్లీ తాగింది ముగ్గురే. అందుకని తాగేవాళ్లకు ఇవ్వకూడదు అనలేం.

పాలమూరు_ఆడబిడ్డ:
ఇవ్వకూడదని నేనెక్కడన్నాను? ఎవరిది తీసి ఇస్తారని అడిగాను.

గోదారిగట్టు:
మా వదిన కూడా ఇస్తానంది. పరీక్షలన్నీ చేసి, ఆవిడకే ఫ్యాటీ లివర్ ఉందని, పనికిరాదని తిప్పి పంపారు. జన్మలో చుక్క ముట్టని మనిషి. షుగరు, నడుం చుట్టూ కొవ్వు, దానివల్లే అన్నారు. ఆ రోజు నుంచీ ఆయన చావు తన వల్లే అనుకుంటోంది. తాగి లివర్ పోగొట్టుకున్న మనిషిదీ తప్పే, తాగకుండా కొవ్వు పట్టిన ఆడమనిషిదీ తప్పే అంటే ఇక జబ్బు అన్నది ఎక్కడుంది? మలం పరీక్షతో ఎవరికి ప్రమాదమో ముందే తెలిసి, ఆ బ్యాక్టీరియాను తీసే మందు వస్తే వరండాలో కూర్చుని ఎవరివైపూ చూడక్కర్లేదు. నేను ఈ చర్చ పెట్టింది అందుకే.

ల్యాబ్_కోటు:
మలం పరీక్ష ఇంకా మామూలు ఆసుపత్రుల్లోకి రాలేదు. తాగుడు మానడం కంటే బలమైన మందు ఇప్పటికి లేదు, అదీ రాసుకోండి.

ఉత్తరాంధ్ర_కుర్రాడు:
మామా, మా మావయ్య రోజూ గ్యాస్ మాత్ర వేస్తాడు, మందు కూడా తాగుతాడు. ఆపేయమని చెప్పమంటారా?

మందులషాపు_మామ:
నీ అంతట నువ్వు ఆపించకు బాబూ. పుండు ఉందనో, రక్తం పడిందనో రాసి ఉంటే అది వాడాల్సిందే. చీటీ ఉందా, లేక షాపులో అడిగి కొంటున్నాడా చూడు. చీటీ లేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి రెండు సంగతులూ చెప్పు, తాగుడు సంగతి దాచకు.

పాలమూరు_ఆడబిడ్డ:
గోదారిగట్టు గారూ, ఆ మందు వస్తే మంచిదే, నేనే అందరికంటే ముందు చెప్తాను. వచ్చేదాకా మాత్రం ఆసుపత్రివాళ్లు దాతను బంధువుల్లోంచి పక్కకు తీసుకెళ్లి, తలుపేసి, ఇష్టమేనా అని అడగాలి. కాదంటే బయటికొచ్చి "పరీక్షల్లో కుదరలేదు" అని వాళ్లే చెప్పాలి. ఇది ఒప్పుకుంటారా, లేదా?