ఓడ మోడల్ ముక్కు దగ్గర పట్టీలు పగిలిపోతా ఉండాయి, ఏ చెక్క వాడాలి?

తిరుపతి_బుజ్జి:
అన్నలూ ఒక డౌటు. ట్రింకోమలీ అని పాత బ్రిటిష్ యుద్ధనౌక ఉంది గదా, 1817లో బొంబాయిలో వాడియా వాళ్ళు టేకుతో కట్టింది, ఇప్పటికీ ఇంగ్లండ్ హార్టిల్‌పూల్‌లో నీళ్ళమీదే ఉండాది, దాని మోడల్ 1:72 స్కేల్‌లో (అసలు ఓడలో 72వ వంతు సైజు) చేస్తా ఉండా. కిట్ తెప్పిద్దామంటే కస్టమ్స్‌తో కలిపి రేటు చూసి కళ్ళు తిరిగినాయి. అందుకే డ్రాయింగులు ప్రింట్ తీసి, కీల్ (ఓడ అడుగున వెన్నెముక మాదిరి దూలం), ఫ్రేములు (దానిమీద అడ్డంగా నిలబెట్టే పక్కటెముకలు) 4 మి.మీ. ప్లైవుడ్‌లో ఇక్కడే నేమ్‌బోర్డులు చేసే అంగట్లో లేజర్ కటింగ్ చేయించినా. అంతవరకు సూపర్. ఫ్రేముల మీద పొడుగు పట్టీలు అతికించేకాడ మొదలైంది తంటా. అసలు ఓడ టేకే గదా అని టేకు పట్టీలు కోయించినా, నడిమిట్లో చక్కగా కూర్చుంటాయి, ముక్కు దగ్గరికొచ్చేసరికి ఒకటి పగిలిపోతుంది, ఇంకోటి పక్కదానిమీదికి ఎక్కి మెట్టు మాదిరి నిలబడతుంది. వేరే చెక్క ఏదైనా చెప్పండి. ఎర్రచందనం తుంట్లు ఇప్పిస్తా అంటున్నాడు ఒకాయన, వాడొచ్చా? అట్టనే తాళ్ళకి నల్లరంగు ఎట్టా వేస్తారు?

చెక్కపొడి_మామ:
తమ్ముడూ, చెక్క సంగతి తర్వాత, ముందు పట్టీల వెడల్పు చూడు. ఓడ చుట్టుకొలత నడుము దగ్గర ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ, అన్ని పట్టీలూ ఒకే వెడల్పుతో ముక్కు దాకా లాక్కుపోతే చోటు చాలక ఒకదానిమీద ఒకటి ఎక్కక ఏంజేస్తాయి? సన్న కాగితం పట్టీ తీసుకుని నడిమి ఫ్రేమ్ మీద పైనుంచి కీల్ దాకా కొలువు, అట్టనే ముక్కు ఫ్రేమ్ మీద కొలువు. నడుము 120 మి.మీ. వచ్చిందనుకో, 5 మి.మీ. పట్టీలు 24 పడతాయి. ముక్కు దగ్గర 72 వచ్చిందంటే అదే 24 పట్టీలు 3 మి.మీ.కి సన్నబడాల. సగం కంటే ఎక్కువ మాత్రం చెక్కొద్దు, కొన సూదిమాదిరి అయిపోతుంది, అక్కడ రెండు పట్టీల్ని ఒకదాంట్లో కలిపేసి ఒకటి ఆపెయ్యాల. వెనకవైపు దీనికి ఉల్టా, ఖాళీ మిగుల్తుంది, అందులో చీలిక పెట్టి నింపుతారు.

ఇంకోటి, పట్టీ పెట్టకముందు ఫ్రేముల అంచులు ఏటవాలుగా రుద్దినావా లేదా? ఒక సన్న బద్దని ఫ్రేముల మీదుగా పెట్టి చూడు, ప్రతి ఫ్రేమ్‌కీ అంచు మొత్తం ఆనాల, మూల మీద ఆనిందంటే రుద్దడం కాలేదనే. ముక్కులో మొదటి రెండు ఫ్రేముల సందులో మెత్తటి చెక్క దిమ్మ నింపి షేపు తీసేయ్, పట్టీకి ఆనుకోను చోటు దొరుకుతుంది. ఎడమ ఒకటి కుడి ఒకటి అట్టా మార్చి మార్చి అతికించు, ఒకేవైపు వేసుకుంటా పోతే కీల్ మెలి తిరుగుతుంది, ఆ మెలి తర్వాత ఎవడూ తియ్యలేడు.

వంచేదానికి అరగంట నీళ్ళలో నానబెట్టి మీ ఇంట్లో ఆడోళ్ళ హెయిర్ స్ట్రెయిట్నర్ పట్టించు (అడిగి తీసుకో నాయనా).

పలమనేరు_రంపం:
మామ చెప్పింది కరెక్టే గానీ టేకు వదిలెయ్ బ్రో. ఆ చెక్క రంధ్రాలు కంటికి కనిపిస్తాయి, 1:72లో అవి మనిషి వేలు పట్టేంత కంతల్లాగా ఉంటాయి. నూనె చెక్క కాబట్టి జిగురు కూడా సరిగ్గా పట్టదు. బయటోళ్ళు పేర్, బాక్స్‌వుడ్ వాడతారు, మనకి అట్టాంటి సన్న పోగు అంటే అంకుడు, ఏటికొప్పాక లక్క బొమ్మల కర్ర. లేత క్రీమ్ రంగు, ఉలికి బాగా లొంగుతుంది, తాళ్ళు బిగించే చిన్న గుండ్రటి డెడ్‌ఐలు కూడా దాంతోనే తిప్పుకోవచ్చు. మామ చెప్పిన దిమ్మలకి కొండపల్లి వాళ్ళ పొనుకు, బ్లేడుతో కోసినా కోస్తుంది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క విగ్రహాలు చేసేవాళ్ళని కూడా ఒకసారి కలువు, చిన్న ఉలులు ఎక్కడ చేయిస్తారో వాళ్ళకి తెలుస్తుంది.

సామిల్లులో కోయించొద్దు, ఆ రంపం ఒక్కో కోతకి 3 మి.మీ. తినేస్తుంది, నీ పట్టీ 1.5 మి.మీ., అంటే వచ్చేదానికి రెండింతలు పొట్టు. సన్న బ్లేడున్న చిన్న టేబుల్ రంపం ఎవరిదగ్గరుందో వెతుకు.

ఎర్రచందనం మాటే ఎత్తొద్దు సామీ. పర్మిట్ లేని తుంట ఇంట్లో ఉందంటే నీ ఓడ చూడను ముందొచ్చేది టాస్క్‌ఫోర్స్ వాళ్ళు.

కాళహస్తి_కలం:
నలుపుకి మా ఊరి పద్ధతి ఉండాది. నూలు దారాన్ని కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము వేసి పులియబెట్టిన కలంకారీ నలుపులో ముంచితే గట్టి నలుపొస్తుంది, ఎండకి కూడా అంత సులువుగా వెలవదు.

పలమనేరు_రంపం:
చూసేదానికి బ్రహ్మాండం అక్కా, కానీ ఇనుము నలుపు నూలుని మెల్లిగా తినేస్తుంది, పాత కలంకారీ గుడ్డల్లో ముందు పోయేది ఆ నల్లగీతలే గదా. ఏళ్ళ తరబడి బిగుసుకోని ఉండాల్సిన తాడుకి ఆ రిస్కెందుకు. టైలర్ అంగట్లో ముదురు కాఫీరంగు పాలిస్టర్ దారం తీసుకుని మూడు పోగులు పురి పెడితే చాలు. కొయ్యస్తంభాన్ని పట్టుకునే తాళ్ళు తారు రంగు, తెరచాపలు లాగే తాళ్ళు లేత గోధుమ రంగు, రెండూ నల్లగా చెయ్యొద్దు.

కాళహస్తి_కలం:
అది నిజమే, ఒప్పుకుంటా. జెండాలకి మాత్రం మా రంగులే వాడు బుజ్జీ.

తిరుపతి_బుజ్జి:
థాంక్స్ అందరికీ, కాగితంతో కొలిచినా, నడుము 128, ముక్కు 80 వచ్చింది, మామ చెప్పిన లెక్కే. టేకు పీకేస్తా ఉండా. మరి ఓడ అడుగుభాగానికి కప్పే రాగిరేకులు ఎట్టా చెయ్యాల?

చెక్కపొడి_మామ:
అసలు రేకు 4 అడుగులు బై 14 అంగుళాలు, నీ స్కేల్‌లో సుమారు 17 బై 5 మి.మీ. వెనక గమ్ముండే రాగి టేపు, కరెంటు పనులకి వాడేది, 5 మి.మీ. వెడల్పుది ఆన్‌లైన్‌లో తెప్పించుకో. వెనకనుంచి ముందుకి అతికించుకుంటా రా, ముందు రేకు వెనకదాని అంచుమీద కాస్త ఎక్కాల. అతికించేటప్పుడు గ్లౌజులు వేసుకో, చెమట వేళ్ళతో ముట్టుకున్నచోటల్లా వారానికే నల్ల ముద్రలు పడతాయి.