మేరీ జేన్ అంటే అంత ఇష్టం ఎందుకు? స్పైడర్‌మ్యాన్ కామిక్స్ చదివినవాళ్ళు చెప్పండి

వేణి_గుంటూరు

నేను స్పైడర్‌మ్యాన్‌ని సినిమాల్లోనే చూశాను, అదీ తెలుగు డబ్బింగ్‌లో. కామిక్స్ ఒక్కటీ చదవలేదు. మా ఆఫీసులో కామిక్స్ పిచ్చి ఉన్నాయన ఒకరున్నారు. పీటర్ పార్కర్‌కి మేరీ జేన్ తప్ప ఇంకెవరూ సరిపోరని ఆయన వాదన. ఆ మాటెత్తితే చాలు, గంటసేపు వదలరు. నాకు మాత్రం ఎక్కడో తేడా కొడుతోంది. పీటర్ అంతకు ముందు ప్రేమించిన గ్వెన్ స్టేసీ చనిపోయింది, ఆ ఖాళీలోకి ఆమె స్నేహితురాలే వచ్చింది, అంతేగా? పైగా ఇద్దరికీ పెళ్ళి చేసి, తర్వాత అసలు ఆ పెళ్ళే జరగలేదన్నారట. ఇందులో అంత గొప్ప ప్రేమ ఏముంది? 1962 నుంచి నడుస్తున్న కథ కాబట్టి మొత్తం చదవమనకండి. నాలుగైదు ఇష్యూలు చెప్తే తప్పకుండా చదువుతాను.

పాత_అట్ట

వేణి గారూ, నన్నడిగితే ఒకే ఒక్క పేజీతో మొదలుపెట్టండి. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 122, 1973 జూలై, ఆఖరి పేజీ. రాసింది గెర్రీ కాన్వే, బొమ్మల్లో గిల్ కేన్, జాన్ రొమీటా ఇద్దరి చెయ్యీ ఉంది.

అంతకు ముందు ఇష్యూలో గ్రీన్ గాబ్లిన్ అనే విలన్ గ్వెన్‌ని వంతెన మీంచి కిందికి తోసేస్తాడు. (మాటల్లో జార్జ్ వాషింగ్టన్ బ్రిడ్జి అని ఉంటుంది, బొమ్మలో మాత్రం బ్రూక్లిన్ బ్రిడ్జి. ఈ గొడవ యాభై ఏళ్ళుగా నడుస్తోంది.) పీటర్ సాలెదారం విసిరి ఆమెని మధ్యలోనే ఆపుతాడు. ఆ కుదుపుకే ఆమె మెడ విరుగుతుంది. మెడ పక్కన చిన్న అక్షరాల్లో ‘స్నాప్’ అని రాసుంటుంది, గబగబా చదివితే కంటికి ఆనదు. 122లో గాబ్లిన్ కూడా తను ఎగిరే యంత్రమే గుచ్చుకుని పోతాడు. పీటర్ ఇంటికొస్తాడు. అక్కడ మేరీ జేన్ ఉంటుంది.

ఆమె ఓదార్చబోతే పీటర్ నోటికొచ్చినట్టు అంటాడు. సొంత తల్లి పోయినా నీకు బాధుండదు, మాలాంటివాళ్ళు నీకెందుకు, వెళ్ళి నీ సరదాలు చూసుకో పో అంటాడు. ఆమె ఏడుస్తూ తలుపు దాకా వెళ్తుంది. తలుపు తీసి ఆగుతుంది. తర్వాత నెమ్మదిగా తలుపు వేస్తుంది, తను గదిలోనే ఉండి. ‘క్లిక్’. అక్కడితో ఇష్యూ అయిపోతుంది. ఆ గడుల్లో ఆమె ఒక్క మాట కూడా అనదు.

ఆ తలుపు అంత ఎందుకు ముఖ్యమో తెలియాలంటే అప్పటిదాకా ఆమె ఎలాంటి మనిషో తెలియాలి. 15వ ఇష్యూ నుంచే పీటర్‌ని పెంచిన ఆంట్ మే “పక్కింటావిడ మేనకోడలు ఉంది, ఒకసారి చూడరా” అంటూ ఉంటుంది, వీడు తప్పించుకు తిరుగుతుంటాడు. 25లో ఆమె వస్తుంది గానీ మొహం కనపడనివ్వరు. 1966 నవంబర్‌లో, 42వ ఇష్యూ చివర్లో, మొదటిసారి మొహం చూపించారు. నీకు జాక్‌పాట్ తగిలింది అంటూ నవ్వుతూ నిలబడుతుంది. అక్కణ్ణుంచి ఏడేళ్ళపాటు ఆమె పార్టీల పిల్ల. డాన్సులు, జోకులు, ఎక్కడైనా బాధ కనిపిస్తే అక్కడుండదు. కాబట్టి పీటర్ అన్న మాటలో సగం నిజముంది. సగం నిజమున్న మాటే మనిషికి ఎక్కువ తగులుతుంది. అంత మాట పడి కూడా ఆమె వెళ్ళలేదు.

దాన్ని నేను ప్రేమ అనను. ఆ రాత్రికి అది స్నేహమే. నా అభిమానం అంతా అక్కడే. వీళ్ళిద్దరి విషయంలో స్నేహం ముందు గట్టిపడింది, మిగతాదంతా దాని మీద లేచింది.

ఇంకో సంగతి చెప్పాలి. 1984లో టామ్ డీఫాల్కో, రాన్ ఫ్రెంజ్ చేసిన 259వ ఇష్యూలో మేరీ జేన్ తన ఇంటి కథ పీటర్‌కి చెప్తుంది. రచయిత కావాలనుకుని కాలేక కోపమంతా ఇంట్లోవాళ్ళ మీద తీర్చుకున్న తండ్రి, మొగుడు వదిలేసిన అక్క, చనిపోయిన తల్లి. అక్క ఉండిపొమ్మంటే మేరీ జేన్ ఉండలేక వెళ్ళిపోయింది. ఇది చదివాక మళ్ళీ 122 తియ్యండి. ‘సొంత తల్లి పోయినా’ అని పీటర్ అన్నది తెలియక అన్న మాటే, కానీ సరిగ్గా పుండు మీద పడింది. సొంత ఇంట్లో ఆగలేకపోయిన మనిషి ఇక్కడ ఆగింది. కాన్వే 1973లో ఇదంతా అనుకుని రాయలేదు, పదకొండేళ్ళ తర్వాత వేరేవాళ్ళు వచ్చి కలిపారు. ఒకరు వదిలిన దారాన్ని ఇంకొకరు అందుకోవడం కామిక్స్‌లోనే చూస్తాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది అదే.

సింధూర_చదువరి

పాత_అట్ట గారూ, ఆ తలుపు పేజీ నాకూ ప్రాణం. కానీ గ్వెన్ వైపు కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి. తను చనిపోయే ఇష్యూలో వంతెన మీద గ్వెన్‌కి స్పృహే ఉండదు. ఒక్క మాట లేదు, ఒక్క ఆలోచన లేదు. ఎనిమిదేళ్ళు కథలో ఉన్న అమ్మాయి. ఆమె చావు పీటర్‌కి ఏం చేసింది, మేరీ జేన్‌ని ఎలా మార్చింది అనే మాట్లాడతాం, ఆమెకి ఏమైందన్నది ఎవరికీ పట్టదు.

నాకు ఇంకా బాధేంటంటే, వాళ్ళ ప్రేమలో స్నేహానికి చోటే ఉండనివ్వలేదు. 1970లో 90వ ఇష్యూలో వాళ్ళ నాన్న కెప్టెన్ స్టేసీ ఒక పిల్లాణ్ణి కాపాడబోయి చనిపోయాడు. గ్వెన్ దానికి స్పైడర్‌మ్యాన్‌నే తప్పుపట్టింది. ఇక పీటర్ ఆమెకి నిజం ఎలా చెప్తాడు? ఆమె ఏ మనిషిని పట్టుకుని ఏడ్చిందో, ఆమె ద్వేషించింది కూడా ఆ మనిషినే. అబద్ధం మధ్యలో పెట్టుకుని ఎంత ప్రేమించుకున్నా ఆ అమ్మాయి ఒంటరిదే కదా. వేణి గారూ, ‘ఖాళీలోకి వచ్చింది’ అన్న మీ మాట నాకు తప్పనిపించలేదు. ఆ ఖాళీ చేసింది మాత్రం మేరీ జేన్ కాదు, రాసినవాళ్ళు.

మల్కాజిగిరి_మనోడు

అందరూ గ్వెన్, మేరీ జేన్ అంటున్నరు, హ్యారీ ఆస్‌బోర్న్ ముచ్చట ఎవరూ తీస్తలేరు. గ్వెన్‌ని చంపిన గ్రీన్ గాబ్లిన్ ఎవరు? హ్యారీ నాయిన. పీటర్, హ్యారీ ఒకే ఫ్లాట్ల ఉండేటోళ్ళు. 122ల మేరీ జేన్ తలుపేసింది ఆ ఫ్లాట్‌దే.

గ్వెన్, హ్యారీ ఇద్దరూ ఒకే ఇష్యూల వచ్చిండ్రు, 31ల, 1965 డిసెంబర్. అప్పుడు ఆంట్ మే దవాఖానల ఉంటది, పీటర్ ఆ పరేషాన్ల ఎవరితోని మాట్లాడడు, పొగరు అనుకుంటరు ఇద్దరూ. అట్ల మొదలైన దోస్తీ. 1971ల 96 నుంచి 98 దాకా హ్యారీ గోలీలకు అలవాటు పడ్డ కథ వచ్చింది. డ్రగ్స్ చూపియ్యొద్దని కామిక్స్ కోడ్ (కంపెనీలే పెట్టుకున్న సెన్సార్) ముద్ర ఇయ్యలేదు, మార్వెల్ ఆ ముద్ర లేకుండనే అమ్మింది, అదే ఏడు కోడ్‌నే మార్చుకున్నరు. హ్యారీ ఆ గోలీలు మింగింది మేరీ జేన్ పట్టించుకుంటలేదన్న బాధతోని. అంటే ఈ నలుగురి కథ ఒక్కటే, విడదీసి చెప్తే అర్థం కాదు.

స్పెక్టాక్యులర్ స్పైడర్‌మ్యాన్ 200 చదువుండ్రి, 1993. జె. ఎం. డిమాటీస్ రాసిండు, బొమ్మలు సాల్ బ్యుసేమా. హ్యారీ గాబ్లిన్ అయ్యి పీటర్‌ని చంపనీకి బాంబులు పెడ్తడు, ఆఖరుకు తనే లోపలికి ఉరికి పీటర్‌ని బయటికి తెస్తడు. గాబ్లిన్ అయ్యేటందుకు తీసుకున్న మందు ఒంట్ల విషమై అంబులెన్స్‌ల పానం పోతది. చివరి పేజీలల్ల అక్షరమే ఉండదు. నాకు స్పైడర్‌మ్యాన్‌ల అసలు ప్రేమకథ అదే, ఎవరేమన్న అనుకోండ్రి.

వేణి_గుంటూరు

ఇంత వివరంగా రాసినందుకు ముగ్గురికీ థ్యాంక్స్. 121, 122 చదివేశాను. సింధూర గారు చెప్పాక గ్వెన్ పేజీలు వెనక్కి తిప్పి చూశాను, నిజమే, ఆ పిల్లకి మాట లేదు. తలుపు దగ్గర మేరీ జేన్ మొహం చాలాసేపు చూశాను. ఉండిపోవాలని నిర్ణయించుకున్నట్టు కాదు, వెళ్ళలేకపోతున్నట్టు ఉంది. మరి పెళ్ళి సంగతి?

పాత_అట్ట

వెళ్ళలేకపోతున్నట్టు... అవును, ఇన్నిసార్లు చూసినా నాకు ఆ తేడా తట్టలేదు.

పెళ్ళి దగ్గరికొస్తే, 1978లో 182లో పీటర్ అడుగుతాడు, 183లో ఆమె కాదంటుంది. 1984లో 257లో “నువ్వే స్పైడర్‌మ్యాన్ అని నాకెప్పటి నుంచో తెలుసు” అని చెప్పేస్తుంది. ఆ తర్వాత మూడేళ్ళూ ఆమె అతనికి ముసుగు తీసి మాట్లాడగల స్నేహితురాలు. దెబ్బలు తగిలించుకుని వచ్చి ఆమె ఎదుట కూర్చుంటే అబద్ధం కల్పించక్కర్లేదు. గ్వెన్ దగ్గర అతనికి దొరకనిది అదే, సింధూర గారు చెప్పింది కూడా అదేనని నాకనిపిస్తోంది. 1987లో 21వ యాన్యువల్‌లో పెళ్ళయింది. న్యూయార్క్ షే స్టేడియంలో వేషాలు వేసి నిజంగా పెళ్ళి జరిపించారు కూడా, స్టాన్ లీ చేతుల మీదుగా.

2007లో తీసేశారు. ఆంట్ మేకి తూటా తగిలితే, ఆమె ప్రాణానికి బదులుగా మెఫిస్టో అనే దయ్యం వీళ్ళ పెళ్ళి పట్టుకుపోతాడు. పెళ్ళయితే పీటర్ వయసు మీరినట్టు కనిపిస్తాడని అప్పటి ఎడిటర్ జో కెసాడా ఉద్దేశం. ఇరవై ఏళ్ళ కాపురాన్ని అలా తుడిచేయడం నాకు ఈ రోజుకీ మింగుడు పడదు. అది చదవకపోయినా నష్టం లేదు.

దాని బదులు 2024లో మొదలైన అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్ చదవండి. జొనాథన్ హిక్‌మన్ రాశారు, బొమ్మలు మార్కో చెకెట్టో. వేరే లోకం కాబట్టి పాత కథ తెలియకపోయినా ఫర్వాలేదు. ఇందులో పీటర్, మేరీ జేన్ ఇద్దరు పిల్లలున్న మొగుడూపెళ్ళాలు, ఆ తర్వాతే అతనికి శక్తులు వస్తాయి. మల్కాజిగిరి తమ్ముడూ, హ్యారీ ఇందులో పీటర్ పక్కనే నిలబడతాడు. సింధూర గారూ, హ్యారీ భార్య ఎవరో తెలుసా? గ్వెన్. బతికే ఉంది, బోలెడు మాట్లాడుతుంది. రెండు జంటలూ కలిసి భోజనానికి కూర్చునే ఇష్యూ ఒకటుంది, నాలుగోది. వేణి గారూ, 259 తర్వాత అది చదివి ఎలా ఉందో ఇక్కడే రాయండి.