అప్‌డేట్: మా బావమరిది తలగాయం, పుర్రెలో ప్రెషర్

పర్లాకిమిడిలో బైక్ మీంచి పడ్డ మా బావమరిది మొదట బాగానే మాట్లాడి, తర్వాత వాంతులు చేసుకుని మగతలోకి ఎందుకు జారాడని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ దండాలు.

విశాఖలో న్యూరోసర్జన్ గారు ఓపికగా చెప్పారు. పుర్రె సాగదు. లోపల రక్తం గడ్డకట్టి మెదడు వాస్తే, ముందు మెదడు చుట్టూ ఉండే నీరు, సిరల్లో రక్తం తప్పుకుని చోటిస్తాయి. అందుకే కాసేపు మామూలుగా కనిపించాడు. ఆ చోటు అయిపోయాక ప్రెషర్ ఒక్కసారిగా పెరిగి, మెదడుకు రక్తం సరిగా అందదు. ఈ ప్రెషర్ పెద్దవాళ్లకు మామూలుగా 15 మిల్లీమీటర్ల (బీపీలాగే పాదరసం కొలతలో) లోపు ఉంటుంది, 22 దాటితే తగ్గించాల్సిందేనట.

మావాడికి కుడి కంటిపాప పెద్దదైంది, నాడి నెమ్మదించింది. రెండూ చాలా ప్రమాద సూచనలు. మంచం తలవైపు 30 డిగ్రీలు ఎత్తి, మెదడు వాపు తగ్గించే మానిటాల్ మందు ఎక్కించి, ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. పుర్రె ఎముక ముక్క తీసి ఉంచారు, వాపు తగ్గాక మళ్లీ పెడతారు.

ఇప్పుడు వాళ్లక్కను గుర్తుపడుతున్నాడు. ఎడమ చెయ్యి ఇంకా బలహీనమే, ఊరికే కోపం వస్తోంది. ఫిజియోథెరపీ నడుస్తోంది.

ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల వైపు వాళ్లకు నా మనవి: తలకు దెబ్బ తగిలాక తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా ఉన్నా, మాట్లాడుతున్నాడు కదా అని ఆగకండి. సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.