లఘుశంకలో ఆ ‘శంక’ ఏమిటండీ?

ప్రశ్న (రాజమండ్రి నుంచి): మొన్న మా మేనత్తను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ‘ఏమిటి మామ్మగారూ ఇబ్బంది?’ అంటే ‘వేడి చేసింది బాబూ’ అని తల దించుకుంది. ఇక నేనే అందుకుని ‘అల్పాచమానానికి వెళ్తే మంటటండీ’ అన్నాను. ఆ కుర్ర డాక్టరు నా వంక వెర్రిగా చూశాడు. బయటికొచ్చాక ఆలోచిస్తే ఆ మాట నాకూ సరిగ్గా తెలీదు. అందులో ఆచమనం ఎందుకొచ్చింది? మూత్రానికి వెళ్లడాన్నే లఘుశంక అని కూడా అంటారు కదా, అందులో శంక ఏమిటి?

తెనాలి నుంచి: పనయ్యాక కాళ్లు కడుక్కుని, నోరు పుక్కిలించి ఆచమనం చేస్తారు కదండీ. అసలు పని పేరెత్తకుండా తర్వాతి శుద్ధి పేరు చెప్పడం అన్నమాట. మా తాతగారు జంధ్యం చెవికి చుట్టుకుని పెరట్లోకి నడిచారంటే ఎవరూ పలకరించేవాళ్లు కాదు. చెవి సంగతి యాజ్ఞవల్క్య స్మృతిలోనే ఉంది. పగలైతే ఉత్తరానికి, రాత్రయితే దక్షిణానికి తిరగమనీ ఉంది. దారిలో, బూడిదలో, ఆవుల దొడ్డిలో, దున్నిన చేలో, నీళ్లలో వద్దని మనువు అన్నాడు. గోడల మాట ఎత్తలేదు, మనవాళ్లకి అదే అలుసైంది. ఇక శంక అంటే సందేహమే కాదు, లోపల పీకే గుబులు కూడా. జపంలో కూర్చున్నవాడికి వస్తోందేమోనన్న గుబులు వదలదు, అందుకే ‘తీర్చుకోవడం’ అన్నారని నా ఊహ.

వరంగల్ నుంచి: మా దిక్కు ఇంత తిప్పలు లేదు. ‘ఒంటేలుకు పోయొస్త’ అంటే అయిపాయె. బడిల చిటికెన వేలు చూపిస్తే సారుకు సమజైతుండె. ఒంటి వేలే ఒంటేలైందని మా బాపు చెప్పేటోడు.

చెన్నై నుంచి: ఇక్కడ ‘ఒణ్ణుక్కు’, కన్నడంలో ‘ఒందక్కె’. రెంటిలోనూ అంకె ఉంది గానీ వేలు లేదు. మన ‘ఒంటికి, రెంటికి’ కూడా అంతేగా! మరాఠీవాళ్లు శంకను వదిలేసి ‘లఘ్వీ’తో సరిపెట్టుకున్నారు.

కర్నూలు నుంచి: మాటలు దాచాం గానీ వైద్యగ్రంథాలు దాచలేదండీ. చరకసంహిత సూత్రస్థానంలో 7వ అధ్యాయం పేరే ‘నవేగాన్ధారణీయం’. ఆపుకోకూడని వేగాలు, అంటే ఒంటికి వచ్చే తొందరలు, 13 చెప్పాడు, అందులో మొట్టమొదటిది మూత్రం. ఆపితే పొత్తికడుపు నొప్పి, తలనొప్పి, మూత్రకృచ్ఛ్రం అన్నాడు. కృచ్ఛ్రం అంటే కష్టం. మీ అత్తగారి ‘వేడి’ ఆ కష్టానికి ఇళ్లల్లో వాడే పేరు. మన చెట్ల పేర్లలోనూ ఈ జబ్బులున్నాయి. మూత్రంలో రాళ్లకు వాడే ఆకు కొండపిండి, కొండనే పిండి చేసేదని. పల్లేరు కషాయం సరేసరి. అయితే మంటతో పాటు చలిజ్వరం ఉంటే మాత్రం బార్లీ నీళ్లతో రోజులు నెట్టకండి.

రాజమండ్రి నుంచి: జ్వరం లేదండీ, పరీక్షకు ఇచ్చాం. మీరు చరకుడి మాట చెప్తుంటే నవ్వొచ్చింది. పెళ్లికి వెళ్లాలంటే మా అత్త పొద్దున్నించీ గుక్కెడు నీళ్లు తాగదు, అక్కడ వెళ్లడానికి చోటుండదని. నలభై ఏళ్లుగా ఇదే వరస. ఇంతకీ డాక్టరు దగ్గర ఏ మాట వాడాలి?

వరంగల్ నుంచి: మూత్రం అనుండ్రి. ఏం గాదు.

రాజమండ్రి నుంచి: అత్త అననంది. ‘మూత్రంలో మంట, వారం నుంచి’ అని చీటీ రాసిచ్చాను. నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.