కారంగా, చిక్కగా క్రీమ్ సూప్: విరగకుండా ఎలా చేస్తున్నారు?

సూప్‌గిన్నె:
అందరికీ నమస్కారం. ఆదివారం రాత్రి ఇంట్లో ఆరుగురం కలిసి తింటాం. సూప్‌తోనే కడుపు నిండాలని టమాటా, క్యారెట్, బంగాళదుంప వేసి చేశాను. రుచి బాగా కుదిరింది. చివర్లో క్రీమ్ పోసి ఒక పొంగు రానిచ్చేసరికి విరిగిపోయి తెల్లటి పలుకులు తేలాయి. పైగా పిల్లలకు కారం ఎక్కువైంది, మామగారికేమో చప్పగా అనిపించింది. వచ్చే ఆదివారం మళ్ళీ చేయాలి, ఇప్పటినుంచే టెన్షన్‌గా ఉంది. మీరెలా చేస్తారో చెప్పండి.

సన్నసెగ:
నాకూ రెండుసార్లు అలాగే అయిందండి. టమాటాలో పులుపు ఉంది, దానికి మరిగే వేడి తోడైంది. ఆ రెండూ కలిస్తే పాలలోని ప్రొటీన్ గడ్డకట్టి నీళ్ళ నుంచి విడిపోతుంది. మీరు వాడిన క్రీమ్ ఏ రకం? పాలు, తక్కువ కొవ్వున్న క్రీమ్ తొందరగా విరుగుతాయి. 35 శాతం దాకా కొవ్వున్న చిక్కటి క్రీమ్ అయితే చాలావరకు తట్టుకుంటుంది.

సూప్‌గిన్నె:
తక్కువ కొవ్వుదేనండి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోశాను.

పెద్దగరిటె:
అమ్మా, ఆరుగురికి నేను చేసే పద్ధతి చెబుతాను. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మందపాటి గిన్నెలో 3 స్పూన్ల నూనె వేడిచేసి, 2 పెద్ద ఉల్లిపాయల ముక్కలు సన్నని సెగ మీద మెత్తబడేదాకా వేయించాలి. పది నిమిషాలైనా పడుతుంది, ఇక్కడ తొందరపడితే సూప్‌కి ఆ కమ్మదనం రాదు. తర్వాత 6 వెల్లుల్లి రెబ్బలు వేసి, గిన్నె పొయ్యి మీంచి దించి, ఒక స్పూన్ కారప్పొడి, అర స్పూన్ జీలకర్ర పొడి కలపాలి. కారప్పొడి మంట మీద క్షణాల్లో మాడిపోతుంది, అందుకే దించమన్నాను. మిరపలోని ఘాటు, రంగు నూనెలో కరిగినంత బాగా నీళ్ళలో కరగవు. కారం చివర్లో చల్లితే నాలుక మీద గరగరగా తగులుతుంది. నూనెలో కలిస్తే గిన్నె అంతా సమంగా పడుతుంది.

ఇప్పుడు 3 క్యారెట్లు, 2 బంగాళదుంపలు, ముప్పావు కప్పు మసూర్ పప్పు, 6 కప్పుల నీళ్ళు. టమాటాలు ఇప్పుడే వేయకండి. పులుపు తగిలితే పప్పు, దుంప తొందరగా మెత్తబడవు. 20 నిమిషాల్లో పప్పు చితికిపోయాక 4 టమాటాలు వేసి, ఇంకో పది నిమిషాలు ఉడికించి మెత్తగా చేయాలి.

క్రీమ్ సంగతి: 150 మిల్లీలీటర్ల చిక్కటి క్రీమ్ ముందే బయట పెట్టుకోండి. పొయ్యి ఆపి, ఐదు నిమిషాలు ఆగి, వేడి సూప్‌ని గరిటెతో కొంచెం కొంచెంగా క్రీమ్‌లో పోస్తూ కలపాలి. రెండు మూడు గరిటెలు పోశాక క్రీమ్ వెచ్చబడుతుంది. అప్పుడు దాన్ని గిన్నెలో పోసేయండి. ఆ తర్వాత మరిగించకూడదు.

మిక్సీమూత:
మెత్తగా చేసేటప్పుడు జాగ్రత్తండి! వేడి సూప్ మిక్సీ జార్ నిండా పోసి నేను మణికట్టు కాల్చుకున్నాను. లోపల ఆవిరి ఒక్కసారిగా మూతను ఎగదన్నింది. సగానికి మించి పోయకండి, మూత మధ్యలో చిన్న బిళ్ళ ఉంటే తీసేసి, పైన మందపాటి గుడ్డ వేసి పట్టుకోండి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే అదే మంచిది.

ఇంకోటి. దుంపలు ఎక్కువ ఉంటే అదేపనిగా తిప్పకండి. పిండిపదార్థం బయటికొచ్చి జిగురులా సాగుతుంది.

రాత్రివంట:
నేనైతే కార్న్ ఫ్లోర్‌తో సరిపెడతాను. చల్లటి నీళ్ళలో కలిపి పోస్తే నిమిషంలో చిక్కబడుతుంది.

పెద్దగరిటె:
చిక్కబడుతుంది, కానీ గంటకే మళ్ళీ ఆకలి వేస్తుంది. కడుపు నిండాలంటే పప్పు ఉండాల్సిందే, ఈ విషయంలో నా మాట మారదు.

సన్నసెగ:
కారం తేడా గురించి ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లోనూ ఇదే గొడవ. గిన్నెలో కారం సగమే వేయండి. విడిగా 3 స్పూన్ల నూనె వేడిచేసి దించి, అర నిమిషం ఆగి, ఎండుమిర్చి పలుకులు, సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి చిన్న గిన్నెలో పెట్టండి. కావలసినవాళ్ళు పైన వేసుకుంటారు. క్రీమ్ కలిపాక కారం తగ్గినట్టు తెలుస్తుంది, కాబట్టి ఉప్పూకారం ఆఖరున మరోసారి చూసుకోండి. పిల్లలకు కారం తగిలితే నీళ్ళకు బదులు పాలు ఇవ్వండి, తొందరగా తగ్గుతుంది.

రాత్రివంట:
మిగులుతుందనుకుంటే క్రీమ్ కలపకముందే కొంత తీసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. క్రీమ్ వేసినది గడ్డకట్టి కరిగాక విడిపోతుంది.

సూప్‌గిన్నె:
నిన్న చేశానండి. ఒక్క పలుకు కూడా తేలలేదు! టమాటా తర్వాత వేయడంతో పప్పు వెన్నలా కలిసిపోయింది. మామగారు మిర్చి నూనె రెండు స్పూన్లు వేసుకుని రెండో గిన్నె అడిగారు. చిన్నది మాత్రం ఇంకా కొంచెం కారమే అంది, ఈసారి గిన్నెలో పావు స్పూనే వేస్తాను. పెద్దగరిటె గారూ, పప్పుకు బదులు చికెన్ వేస్తే క్రీమ్ ఇంతే పట్టుతుందా?

పెద్దగరిటె:
ఇంతే చాలమ్మా. ఉడికిన చికెన్ విడిగా తీసి పీచులుగా చేసి, సూప్ మెత్తగా చేశాక కలుపు. పప్పు మాత్రం పూర్తిగా మానకు, పావు కప్పైనా ఉంచు.