ఆక్రమణకు గురైన దేశానికి ఆయుధాలు పంపడాన్ని వామపక్షం సమర్థించవచ్చా?

దారిదీపం:

2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లోకి చొరబడిన నాటి నుంచి అనేక దేశాల వామపక్షాలను ఈ ప్రశ్న రెండుగా చీలుస్తోంది. దాడిని ఖండించడం దాకా చాలామంది కలిసే నడిచారు. ఆ తర్వాత ఏం చేయాలన్న దగ్గర దారులు వేరయ్యాయి. మొదటి పక్షం వారు 1915 మే నెలలో జర్మన్ సోషలిస్టు నాయకుడు కార్ల్ లీబ్‌నెక్ట్ తన కరపత్రంలో ఇచ్చిన 'ప్రధాన శత్రువు స్వదేశంలోనే ఉన్నాడు' అన్న నినాదాన్ని ఆధారం చేసుకుని, నాటో దేశాల కార్మికులు తమ ప్రభుత్వాల ఆయుధ సరఫరాను అడ్డుకోవాలంటున్నారు. రెండవ పక్షం వారు, ఆక్రమణను ఎదిరిస్తున్న ప్రజల చేతికి ఆయుధం అందకుండా చేయడమంటే ఆక్రమణదారుకు తోడ్పడటమేనని వాదిస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లీబ్‌నెక్ట్ నినాదం మన కర్తవ్యం ఎక్కడ మొదలుకావాలో చెబుతుంది గానీ, ఫలానా యుద్ధంలో న్యాయం ఎవరి వైపు ఉందో తేల్చదు. అది తేలాలంటే దాడికి గురైన దేశంలోని వామపక్షీయులు, కార్మిక సంఘాలవారు ఏమంటున్నారో ముందు వినాలి. ఉక్రెయిన్‌లోని 'సొత్సియాల్నీ రూఖ్' అనే సోషలిస్టు సంస్థ సాయుధ ప్రతిఘటనను సమర్థిస్తూనే, 250 మంది లోపు ఉద్యోగులున్న సంస్థల్లో కార్మిక చట్టాల రక్షణను సడలిస్తూ తమ ప్రభుత్వం 2022లో తెచ్చిన చట్టాన్ని గట్టిగా వ్యతిరేకించింది. యుద్ధం పేరు చెప్పి వర్గపోరాటాన్ని వాయిదా వేయని ఆ వైఖరి నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తోంది. మిగతా మిత్రులు ఏమంటారో వినాలని ఉంది.

ఎర్రమందారం:

దారిదీపం గారూ, మీరు వేరుచేసిన రెండు ప్రశ్నలూ కాగితం మీద వేరుగానే కనిపిస్తాయి. పార్లమెంటులో చెయ్యి ఎత్తాల్సిన క్షణంలో అవి ఒకటైపోతాయి. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914 ఆగస్టులో జర్మనీలో జరిగింది అదే.

జర్మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీ అప్పటికి జర్మన్ పార్లమెంటు రైష్‌టాగ్‌లో 110 స్థానాలతో అతిపెద్ద పార్టీ. 1907లో స్టుట్‌గార్ట్‌లోనూ, 1912లో బాజెల్‌లోనూ సోషలిస్టు పార్టీల అంతర్జాతీయ సమాఖ్య అయిన రెండవ ఇంటర్నేషనల్ మహాసభలు చేసిన యుద్ధ వ్యతిరేక తీర్మానాలకు అది కట్టుబడిన పార్టీ. ఆగస్టు 3న తలుపులు మూసుకుని జరిగిన పార్లమెంటరీ పక్ష సమావేశంలో యుద్ధ రుణాలకు అనుకూలంగా 78 మంది, వ్యతిరేకంగా 14 మంది నిలిచారు. మరునాడు సభలో, ఆ పద్నాలుగు మందిలో ఒకరైన హ్యూగో హాజే చేతనే పార్టీ అనుకూల ప్రకటన చదివించారు. పార్టీ క్రమశిక్షణకు తలవంచి లీబ్‌నెక్ట్ కూడా ఆ రోజు అనుకూలంగానే ఓటు వేశారు. ఒంటరిగా వ్యతిరేక ఓటు వేయడానికి ఆయనకు డిసెంబరు 2 దాకా పట్టింది. ఇంతకీ వారు చూపిన కారణం ఏమిటి? రష్యా చక్రవర్తి జార్ నిరంకుశత్వం నుంచి జర్మన్ ప్రజల స్వేచ్ఛను కాపాడుకోవడం! వినడానికి అది ఎంతో న్యాయమైన కారణం. జార్ పాలన నిరంకుశమన్నది అబద్ధమూ కాదు. అయినా ఆ ఓటు తర్వాత కార్మిక సంఘాలు సమ్మెలు మానుకున్నాయి, పార్టీలు పరస్పర విమర్శను కట్టిపెట్టాయి, కందకాల్లో లక్షలాది కార్మికులు ఒకరినొకరు చంపుకున్నారు.

ఇది పాత కథ అనుకునేవారు 1999ని గుర్తు చేసుకోవాలి. శాంతి ఉద్యమంలో పుట్టిన జర్మన్ గ్రీన్ పార్టీ, భద్రతా మండలి అనుమతి లేకుండా యుగోస్లావియాపై నాటో 78 రోజులు సాగించిన బాంబుదాడికి ప్రభుత్వంలో ఉండి మద్దతిచ్చింది. విదేశాంగ మంత్రి యోష్కా ఫిషర్ అందుకు నాజీల మారణ శిబిరం ఆష్‌విట్జ్‌నే సాక్ష్యంగా తెచ్చారు. 2011లో పౌరుల రక్షణ కోసమని భద్రతా మండలి చేసిన 1973వ తీర్మానం లిబియాలో ప్రభుత్వ పతనం దాకా సాగింది. 2022లో జర్మనీ తన సైన్యం కోసం పది వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధిని ఏర్పాటు చేయడానికి ఉక్రెయిన్ యుద్ధమే సందర్భమైంది. ప్రతిసారీ కారణం న్యాయంగానే వినిపిస్తుంది, ప్రతిసారీ బలపడేది సైనిక వ్యవస్థే.

చరిత్ర పాఠకుడు:

ఎర్రమందారం గారు 1914 దగ్గర ఆగి, అక్కడి నుంచి ఒక్క గంతులో 1999కి వెళ్లారు. మధ్యలో ఉన్న 1936ని దాటేస్తే ఈ చర్చకు అర్థం ఉండదని నా నమ్మకం.

ఆ ఏడాది జులైలో స్పెయిన్‌లో సైనికాధికారులు ఎన్నికైన ప్రభుత్వంపై తిరుగుబాటు చేశారు. ఫ్రాన్స్‌లో అధికారంలో ఉన్నది సోషలిస్టు నాయకుడు లియోన్ బ్లూమ్ నేతృత్వంలోని ప్రజాఫ్రంట్ ప్రభుత్వం. ఆయుధాలు పంపాలని తొలుత అనుకున్న బ్లూమ్, బ్రిటన్ అయిష్టతకూ, స్వదేశంలో అంతర్యుద్ధం రేగుతుందన్న భయానికీ లోబడి, ఆగస్టు నాటికి జోక్యరహిత ఒప్పందం వైపు మొగ్గారు. జర్మనీ, ఇటలీ ఆ ఒప్పందంపై సంతకం పెట్టి మరీ తిరుగుబాటు నాయకుడు ఫ్రాంకోకు విమానాలనూ సైనికులనూ పంపుతూనే ఉన్నాయి. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణంపై బాంబులు కురిపించినవి ఆ విమానాలే. ఎన్నికైన ప్రభుత్వం నడుపుతున్న స్పెయిన్ రిపబ్లిక్ మాత్రం తన బంగారు నిల్వల్లో అధిక భాగాన్ని సోవియట్ యూనియన్‌కు తరలించి అక్కడి నుంచి ఆయుధాలు కొనుక్కోవలసి వచ్చింది. అప్పటి ఫ్రెంచి కార్మికులు వీధుల్లో ఏమని నినదించారు? స్పెయిన్‌కు ఫిరంగులు, విమానాలు పంపమని. వారు ఆ కోరిక కోరింది ఒక పెట్టుబడిదారీ రాజ్యాన్నే. రిపబ్లిక్ పక్షాన పోరాడిన అంతర్జాతీయ దళాల్లో చేరడానికి వెళ్లిన సుమారు 35,000 మందిని యుద్ధోన్మాదులని ఏ వామపక్షీయుడూ అనడు.

మరొక సంగతి. జర్మన్ పార్టీ ద్రోహాన్ని అందరికంటే కఠినంగా విమర్శించిన లెనినే, ఫ్రాన్స్‌పై మొరాకో, ఇంగ్లండ్‌పై ఇండియా, రష్యాపై పర్షియా లేదా చైనా యుద్ధం ప్రకటిస్తే, మొదట దాడి చేసింది ఎవరైనా సరే, అవి న్యాయమైన రక్షణ యుద్ధాలే అవుతాయని 1915లో రాశారు. అంటే సామ్రాజ్యం తన కోసం చేసే యుద్ధమూ, సామ్రాజ్యాన్ని ఎదిరించే యుద్ధమూ ఆయన దృష్టిలో ఒకటి కాదు. 1914 నాటి ఓటు ఒక సామ్రాజ్యం తన సొంత సైన్యానికి అడిగిన డబ్బుకు పడిన ఓటు. ఆ పోలికను ఆక్రమణకు గురైన దేశానికి అతికించడం సబబు కాదు.

ఎర్రమందారం:

లెనిన్‌ను తలచుకున్నారు కనుక అదే రచనలో, 1914లో జర్మనీ ఆక్రమించిన బెల్జియం గురించి ఆయన అన్నది కూడా చెప్పుకోవాలి. బెల్జియం విముక్తి కోసమే ఇతర రాజ్యాలు జర్మనీతో యుద్ధానికి దిగి ఉంటే సోషలిస్టుల సానుభూతి జర్మనీ శత్రువుల పక్షానే ఉండేదని ఆయన ఒప్పుకున్నారు. కానీ మిత్రరాజ్యాలు పోరాడుతున్నది బెల్జియం కోసం కాదని, వలసల పంపకం కోసమని వెంటనే చేర్చారు. నేను అడుగుతున్నది అదే: ఉక్రెయిన్‌ది మొరాకో స్థితా, బెల్జియం స్థితా? ఆయుధం ఇచ్చేవాడు దాన్ని ఎప్పుడు ఆపాలో, ఎంత దూరం వాడనివ్వాలో కూడా తానే నిర్ణయిస్తాడు. స్పెయిన్ రిపబ్లిక్ చేదు అనుభవాల్లో అదీ ఒకటి: ఆయుధాలు అమ్మిన మాస్కోకు రిపబ్లిక్ లోపలి రాజకీయాల్లో ఎంత పట్టు చిక్కిందో చరిత్ర పాఠకుడు గారికి నేను చెప్పనక్కరలేదు.

రేవుగాలి:

ఇక్కడి వాదనలు చదువుతుంటే మనందరి చేతుల్లో ప్రభుత్వాలు ఉన్నట్టుంది. చాలా దేశాల్లో వామపక్షానికి ఉన్నది ఉద్యమం, సంఘం, పని ఆపగలిగే శక్తి. నేను కార్మిక సంఘం వైపు నుంచి మాట్లాడతాను.

2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా ప్రపంచంలో 600కు పైగా నగరాల్లో ప్రదర్శనలు జరిగాయి. అయినా మార్చి 20న యుద్ధం మొదలైంది. దాంతో ఉద్యమం ఓడిపోయిందని తేల్చేసేవారు మార్చి 1న అంకారాలో ఏం జరిగిందో మరచిపోతారు. తమ భూభాగం మీదుగా 62,000 మంది అమెరికన్ సైనికులను అనుమతించే తీర్మానానికి టర్కీ పార్లమెంటులో అనుకూలంగా 264, వ్యతిరేకంగా 250 ఓట్లు వచ్చాయి. 19 మంది తటస్థంగా ఉండటంతో, హాజరైనవారిలో సగానికి మించిన మద్దతు లేక అది వీగిపోయింది. ఆ రోజు అంకారా వీధులు యుద్ధ వ్యతిరేకులతో నిండిపోయి ఉన్నాయి.

ఇంకా దగ్గరగా చూడవలసినది 1974లో స్కాట్లండ్‌లోని ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లో జరిగింది. అక్కడి రోల్స్‌రాయిస్ కర్మాగారానికి మరమ్మతు కోసం విమాన ఇంజన్లు వచ్చాయి. అవి చిలీ వైమానిక దళపు హాకర్ హంటర్ విమానాలవి. 1973 సెప్టెంబరు 11న సైనిక కుట్రలో శాంటియాగోలోని అధ్యక్ష భవనంపై బాంబులు వేసినవి ఆ రకం విమానాలే. వాటిని తనిఖీ చేయవలసిన బాబ్ ఫుల్టన్ వాటిని ముట్టనన్నారు, సంఘం ఆయన వెనుక నిలబడింది. ఆ ఇంజన్లు పెట్టెల్లోనే ఆవరణలో ఏళ్ల తరబడి వానకు తడిసి తుప్పు పట్టాయి. చివరకు 1978లో ఒక రాత్రి వాటిని చడీచప్పుడు లేకుండా తరలించారు. అక్కడ ఆగింది నియంతృత్వ సైన్యానికి వెళ్లవలసిన సరుకు, ఆ సైన్యం బాధితులు చిలీ కార్మికులే. ఎవరికీ సందేహం కలగలేదు.

2022 మార్చిలో ఇటలీలోని పీసా విమానాశ్రయ కార్మికులు, మానవతా సాయం పేరుతో ఉక్రెయిన్ వైపు వెళ్లవలసిన సరుకులో ఆయుధాలున్నాయని చెప్పి, ఎక్కించడానికి నిరాకరించారు. సాయం ముసుగులో ఆయుధాలు పంపడాన్ని బయటపెట్టడం వరకు వారు చేసింది మంచి పని. కానీ ఆ పెట్టెలు చేరవలసినది దాడికి గురైనవారి చేతికి. ఈస్ట్ కిల్‌బ్రైడ్, పీసా చూడటానికి ఒకే చర్య, ఫలితం దాదాపు తలకిందులు. ఎర్రమందారం గారు ఈ రెండింటినీ ఒకే గాట కడతారా?

దారిదీపం:

రేవుగాలి గారి ప్రశ్నకు దాదాపు ఇదే రూపంలో 1938లో రష్యన్ విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ జవాబు చెప్పారు. ఫ్రెంచి వలస అయిన అల్జీరియాలో రేపు తిరుగుబాటు రేగి, ఫాసిస్టు ఇటలీ తన స్వార్థం కోసమే తిరుగుబాటుదారులకు ఆయుధాలు పంపుతోందని ఊహించుకోమన్నారు. ఆ ఓడను ఇటలీ కార్మికులు ఆపకూడదనీ, తిరుగుబాటును అణచడానికి ఫ్రాన్స్ పంపే సరుకును మాత్రం ఫ్రెంచి నావికులు అడ్డుకోవాలనీ ఆయన వాదన. ఆయుధం ఇచ్చేవాడి ఉద్దేశం చెడ్డదని ఒప్పుకుంటూనే ఆయన ఈ మాట అన్నారు. ముస్సోలినీ ప్రభుత్వంపై ఆ కార్మికులు చేసే పోరాటం ఒక్క రోజైనా ఆగనక్కరలేదని కూడా అన్నారు. అందుకే ఉక్రెయిన్‌కు ఆయుధాలు అందడాన్ని నేను అడ్డుకోను, అదే సమయంలో జర్మనీ తన సైన్యానికి కేటాయించిన ఆ ప్రత్యేక నిధికి వ్యతిరేకంగా ఓటు వేస్తాను. ఉక్రెయిన్ విదేశీ రుణాలను రద్దు చేయాలని కోరతాను, ఎందుకంటే యుద్ధం ముగిశాక ఆ దేశాన్ని అప్పుల పేరుతో ఏలబోయేది పాశ్చాత్య రుణదాతలే. బెల్జియం ఉదాహరణలో ఎర్రమందారం గారు ఎత్తిచూపిన ప్రమాదానికి నా దగ్గరున్న విరుగుడు ఇదే.

ఎర్రమందారం:

ఊహాజనిత అల్జీరియాలో అణ్వాయుధాలు లేవు. అక్కడ తిరుగుబాటుదారులు తమంతట తాము కొండలకెక్కినవారు. ఇక్కడ 18 నుంచి 60 ఏళ్ల మధ్య పురుషులు దేశం దాటకూడదని 2022లోనే ఆంక్ష పెట్టిన రాజ్యం ఉంది. కనుక రేవుగాలి గారికి నా జవాబు: పీసా కార్మికుల నిరాకరణను నేను సమర్థిస్తాను, అది ఈస్ట్ కిల్‌బ్రైడ్‌తో సమానమని మాత్రం అనను. అక్కడ నిరాకరణ ఒక్క పక్షాన్నే దెబ్బ తీసింది, ఇక్కడ దాని బరువు దాడికి గురైనవారి మీదా పడుతుంది. ఆ బరువును నేను తేలికగా తీసుకోవడం లేదు. యుద్ధం ఎంత సాగితే అంత మంది చనిపోతారన్నది నాకు అంతకంటే బరువైన విషయం.

ఆయుధాల విషయంలో మన మధ్య దూరం ఇలాగే ఉంటుంది. కానీ ఈ యుద్ధాన్ని విమర్శించినందుకు మాస్కోలో వామపక్ష సామాజిక శాస్త్రవేత్త బోరిస్ కగార్లిట్‌స్కీకి 2024 ఫిబ్రవరిలో ఐదేళ్ల జైలుశిక్ష పడింది. ఆయనలాంటివారి విడుదల కోసమూ, రష్యా సైన్యం నుంచి తప్పించుకుని సరిహద్దు దాటినవారికి ఆశ్రయం కోసమూ మన మన పార్టీల చేత, సంఘాల చేత తీర్మానాలు చేయించడానికి ఇక్కడ రాసినవారిలో ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను. తుపాకీ పట్టలేనన్న ఉక్రెయిన్ యువకుడికి కూడా అదే ఆశ్రయం దక్కాలని నేను ఆ తీర్మానంలో చేరుస్తాను. దానికి దారిదీపం గారూ, చరిత్ర పాఠకుడు గారూ ఒప్పుకుంటారా?